కొలంబియా కరీబియన్ తీరానికి వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు: విమానాలు, ఊళ్ళు, వాటి వెనక చరిత్ర

అమెరికాలో ఉండే మనవాళ్ళు థాంక్స్‌గివింగ్ వారానికో, క్రిస్మస్ సెలవులకో "మళ్ళీ మెక్సికోలో ఆ కాంకూనేనా" అని విసుక్కుని మ్యాప్ తెరిస్తే, చూపు కొలంబియా తీరంలోని కార్తహేనా మీద ఆగుతుంది. అక్కణ్ణుంచి మొదలవుతాయి ప్రశ్నలు: వీసా కావాలా, ఏ ఎయిర్‌పోర్టుకి టికెట్ కొనాలి, శాకాహారులం ఏం తినాలి. వాటికి జవాబులు కింద ఉన్నాయి. మధ్యలో చరిత్ర కూడా చాలానే వస్తుంది, తప్పదు. అమెరికా ఖండాల్లో ఇప్పటికీ నడుస్తున్న విమాన సంస్థల్లో అన్నిటికన్నా పాతది పుట్టింది ఈ తీరంలోనే. పైగా ఇక్కడి ఎయిర్‌పోర్టుల పేర్లు పక్కపక్కన పెట్టి చదివితే ఈ దేశంలో ఎవరికి ఎవరితో పడలేదో తెలిసిపోతుంది.

అసలు ఇది ఎక్కడుంది?

దక్షిణ అమెరికాకి ఉత్తరపు అంచున. పడమట పనామా, తూర్పున వెనెజ్వెలా. ప్రయాణికులకి పనికొచ్చే ఊళ్ళు నాలుగు, పడమర నుంచి తూర్పుకి వరసగా: కార్తహేనా, బరాంకియా, సాంతా మార్తా, రియోఆచా. నాలుగింటికీ ఎయిర్‌పోర్టులున్నాయి. రాజధాని బొగోటా మాత్రం దేశం మధ్యలో, కొండల మీద, 2,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ స్వెటర్ వేసుకుని విమానం ఎక్కినవాళ్ళు గంటన్నర తర్వాత కార్తహేనాలో మెట్లు దిగేసరికి చెమటతో తడిసిపోతారు.

ఏ ఎయిర్‌పోర్టుకి టికెట్ కొనాలి?

ఎక్కువమందికి కార్తహేనాయే సులువు. టికెట్ మీద కోడ్ సీటీజీ. మయామీ, ఫోర్ట్ లాడర్‌డేల్, న్యూయార్క్‌ల నుంచి నేరుగా విమానాలుంటాయి. మిగతా ఊళ్ళవాళ్ళు మయామీలోనో, పనామా సిటీలోనో, బొగోటాలోనో మారాలి. దిగాక, చుట్టూ గోడలున్న పాత కోట ఊరు దాదాపు మూడు కిలోమీటర్లే, కాబట్టి రాత్రి పొద్దుపోయి చేరినా టెన్షన్ పడక్కర్లేదు.

అయితే వెతికేటప్పుడు బరాంకియా (బీఏక్యూ), సాంతా మార్తా (ఎస్ఎమ్ఆర్) ధరలు కూడా చూడండి. కార్తహేనా నుంచి బరాంకియా 120 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి సాంతా మార్తా ఇంకో వంద. ఒక ఊళ్ళో దిగి మరో ఊళ్ళో ఎక్కేలా కొనుక్కుంటే వచ్చిన దారినే వెనక్కి రావక్కర్లేదు. ఈ మూడూళ్ళ మధ్య విమానం కోసం వెతకడం మాత్రం దండగ. హోటల్ దగ్గర ఎక్కించుకుని హోటల్ దగ్గరే దించే వ్యాన్లు పగలంతా తిరుగుతూనే ఉంటాయి.

వీసా కావాలా?

ఇండియన్ పాస్‌పోర్టుకి మామూలుగా కావాలి. కాకపోతే అమెరికా వీసా గానీ, యూరప్ దేశాలు ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసా గానీ ఉండి, కొలంబియాలో దిగేనాటికి దానికింకా కనీసం 180 రోజుల గడువుంటే టూరిస్టుగా వీసా లేకుండానే రానిస్తారు. గ్రీన్ కార్డు ఉన్నా అంతే. అమెరికా పాస్‌పోర్టు వాళ్ళకి ఈ గొడవే లేదు.

హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఇక్కడ ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. చేతిలో ఐ-797 అప్రూవల్ (హెచ్1బీ మంజూరైందని అమెరికా ఇచ్చే కాగితం) ఉన్నా, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోతే కొలంబియా దృష్టిలో మీకు వీసా లేనట్టే. వెళ్ళడం సంగతి అటుంచి, తిరిగి అమెరికా రావడానికీ స్టాంపు కావాలి. కెనడాకో మెక్సికోకో కొద్దిరోజులు వెళ్ళొచ్చేవాళ్ళకి ఉండే మినహాయింపు కొలంబియాకి వర్తించదు. ఇంకో సంగతి: మిమ్మల్ని ముందు ఆపేది కొలంబియా అధికారి కాదు, మీ ఊళ్ళో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి. ఆ రూలు అతనికి గుర్తుండాలని లేదు. కొలంబియా విదేశాంగ శాఖ సైట్లో ఉన్న నిబంధనని బయల్దేరే వారంలో మళ్ళీ చూసుకుని, ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. ప్రయాణానికి 72 గంటల ముందు నుంచి నింపే 'చెక్-మిగ్' అనే ఆన్‌లైన్ ఫారం కూడా ఉంది. అది ఉచితం. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది అసలుది కాదు.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకి నేరు విమానం లేదు. యూరప్ మీదుగానో ఇస్తాంబుల్ మీదుగానో బొగోటా చేరి అక్కడ మారాలి. యూరప్‌లో మారుతుంటే ఆ దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో ముందే కనుక్కోండి.

ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలా? కొలంబియా వాళ్ళు అడుగుతారా?

కొలంబియా అడగడం కన్నా ఇండియా అడగడమే మీకు ముఖ్యం. దోమలు మోసుకొచ్చే ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో కొలంబియాని మన ప్రభుత్వం చేర్చింది. అక్కణ్ణుంచి బయల్దేరిన ఆరు రోజుల లోపు ఇండియాలో దిగుతూ టీకా పత్రం చూపించలేకపోతే, ఆ గడువు తీరేదాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. పౌరసత్వంతో నిమిత్తం లేదు, ఓసీఐ కార్డున్నవాళ్ళకీ ఇదే రూలు. సెలవులకి కార్తహేనా చూసుకుని అటునుంచి అటే తమ్ముడి పెళ్ళికి విజయవాడ వెళ్దామనుకునేవాళ్ళు ఇది బాగా గుర్తుంచుకోవాలి. పత్రం చెల్లుబాటయ్యేది టీకా వేయించుకున్న పది రోజుల తర్వాత నుంచి. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. అరవై దాటిన పెద్దవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా వేయించుకోకూడదు.

ఈ జ్వరానికి కార్తహేనా చరిత్రలో పెద్ద పాత్రే ఉంది. 1741లో ఇంగ్లీషు అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ వందకు పైగా ఓడలతో, ఇరవై వేలకు మించిన మనుషులతో వచ్చి కార్తహేనాని చుట్టుముట్టాడు. అవతల స్పానిష్ వైపు సముద్ర సేనాని బ్లాస్ దె లేసో. అప్పటికే పాత యుద్ధాల్లో ఒక కాలూ, ఒక కన్నూ పోయి, ఒక చెయ్యి పనిచెయ్యని మనిషి. ఆయన చేతిలో ఉన్నవి ఆరంటే ఆరు యుద్ధనౌకలు. ఇంగ్లీషువాళ్ళు గెలుపు ఖాయమనుకుని, లేసో మోకాళ్ళ మీద నిలబడి కత్తి అప్పగిస్తున్నట్టు పతకాలు కూడా పోయించారు. కొండ మీది సాన్ ఫెలీపె కోట మీద చేసిన దాడి చెదిరిపోయింది. వానలు మొదలయ్యాయి, దోమలు లేచాయి, ఎల్లో ఫీవర్ గుడారాల్లోకి దిగింది. ఫిరంగుల కన్నా జ్వరమే ఎక్కువమందిని చంపింది. వెర్నన్ వెనక్కి తిరిగాడు.

వర్జీనియాలో ఉన్న మన కుటుంబాలు పిల్లల్ని తీసుకుని మౌంట్ వెర్నన్ చూసొస్తుంటారు కదా, ఆ పేరు ఈ వెర్నన్‌దే. జార్జ్ వాషింగ్టన్ సవతి అన్న లారెన్స్ ఆ దండయాత్రలో పనిచేసి, బతికి తిరిగొచ్చి, తన ఎస్టేటుకి సేనాని పేరు పెట్టుకున్నాడు.

బరాంకియాలో చూడ్డానికి ఏముంది? అందరూ వదిలెయ్యమంటున్నారు.

నేను వదిలెయ్యమనను. బీచ్ ఫొటోలు కావాలంటే కార్తహేనా, సాంతా మార్తా చాలు. ఈ తీరం ఎందుకిలా ఉందో అర్థం కావాలంటే బరాంకియాలో ఒక రోజు ఉండాలి.

మాగ్దలేనా నది దేశం నడుము నుంచి ఉత్తరానికి పారి బరాంకియా దగ్గర సముద్రంలో కలుస్తుంది. రోడ్లు, రైళ్ళు కుదరని ఆ కొండల దేశంలో వందల ఏళ్ళపాటు బొగోటాకి దారి ఆ నదే. స్టీమర్ ఎక్కి ఎగువన ఉన్న హిరార్దోత్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి రైల్లో కొండెక్కాలి. నీళ్ళు బాగుంటే వారం పైన. ఎండాకాలంలో స్టీమరు ఇసుక తిన్నె మీద ఎక్కి కూర్చుంటే ఎన్నాళ్ళు పడుతుందో కెప్టెన్‌కి కూడా తెలియదు.

1919 జూన్ 18న విలియమ్ నాక్స్ మార్టిన్ అనే అమెరికన్ పైలట్, మారియో సాంతో దొమింగో అనే స్థానిక యువకుడు బరాంకియాలో చిన్న విమానం ఎక్కి పక్కనున్న ప్వెర్తో కొలంబియా మీదకి వెళ్ళి, ఉత్తరాల సంచీని పైనుంచి కిందికి విసిరారు. కొలంబియాలో అదే తొలి విమానం టపా. అదే ఏడాది డిసెంబర్ 5న ఊళ్ళోని కొలంబియన్, జర్మన్ వ్యాపారులు కలిసి 'స్కాడ్తా' అనే సంస్థ పెట్టారు. నెదర్లాండ్స్‌లో కేఎల్ఎమ్ పెట్టి అప్పటికి రెండు నెలలే. ఆ స్కాడ్తాయే తర్వాత అవియాంకా అయింది.

వాళ్ళు తెప్పించిన విమానం జర్మనీ యుంకర్స్ కంపెనీ ఎఫ్-13. చెక్క, గుడ్డ కాకుండా మొత్తం లోహంతో చేసిన తొలి ప్రయాణికుల విమానం ఇదే. ఈ గాలిలో తేమకి చెక్క ఉబ్బుతుంది, గుడ్డ కుళ్ళుతుంది, కాబట్టి లోహం ఇక్కడ బతికింది. లోపల నలుగురు కూర్చునే మూసిన గది, ముందు ఎండకీ గాలికీ తలలు బయటపెట్టుకుని పైలట్, మెకానిక్. చక్రాల బదులు కింద రెండు తేలే పడవలు బిగించారు. నేల చదును చేసి రన్‌వే వెయ్యడానికి డబ్బెక్కడిది? నదే రన్‌వే. దారి తెలియడానికీ నదే, దాని వంపులు చూసుకుంటూ పోవడమే. ఇంజన్ మొరాయిస్తే దిగడానికీ నదే. ఇక్కడి వేడికి ఇంజన్లు కాగిపోతుంటే రేడియేటర్లు మార్చుకుని, 1920లో హెల్ముత్ ఫాన్ క్రోన్ అనే పైలట్ మొదటిసారి హిరార్దోత్ దాకా తీసుకెళ్ళాడు. దారి కుదిరాక స్టీమరు వారానికి పైగా తీసుకునే ప్రయాణం ఏడెనిమిది గంటలకి దిగింది.

స్కాడ్తాకి సొంత తపాలా బిళ్ళలు కూడా ఉండేవి. ప్రభుత్వ అనుమతితో తానే అచ్చేసి, విదేశాల్లోని కొలంబియా కాన్సులేట్లలో ఆ దేశం పేరు సూచించే అక్షరం ముద్రించి అమ్మేది. స్టాంపులు పోగుచేసేవాళ్ళ మధ్య ఇప్పటికీ వాటికి గిరాకీ ఉంది.

కథ సుఖంగా సాగలేదు. సంస్థ పెట్టినవాళ్ళలో ముఖ్యుడు, యూదు కుటుంబంలో పుట్టిన బ్యాంకరు ఎర్నెస్తో కోర్తిసోస్ 1924 జూన్ 8న బరాంకియాలో 'తొలిమా' అనే తన సంస్థ విమానమే కూలి చనిపోయాడు. ఫాన్ క్రోన్ కూడా అందులోనే పోయాడు. మీరు దిగే బరాంకియా ఎయిర్‌పోర్టుకి కోర్తిసోస్ పేరే పెట్టారు. విమాన ప్రమాదంలో పోయిన మనిషి పేరు ఎయిర్‌పోర్టుకి పెట్టడం మనకి అపశకునంలా అనిపించొచ్చు, ఇక్కడ ఎవరికీ ఆ పట్టింపు లేదు.

తర్వాత పగ్గాలు పట్టిన ఆస్ట్రియన్ పీటర్ పాల్ ఫాన్ బావర్ 1931లో సంస్థలో ఎక్కువ వాటా గుట్టుగా అమెరికా సంస్థ పాన్ యామ్‌కి అమ్మాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి, పనామా కాలువకి ఇంత దగ్గర్లో జర్మన్ పైలట్లేమిటని అమెరికాకి గుబులు పట్టుకుంది. 1940లో జర్మన్ ఉద్యోగులందర్నీ తీసేసి, ఇంకో కొలంబియన్ సంస్థతో కలిపి అవియాంకా అని పేరు మార్చారు. ఆ సంస్థకిప్పుడు పెద్ద అడ్డా బొగోటా.

ఊళ్ళోంచి ప్వెర్తో కొలంబియా కొద్దిసేపటి ప్రయాణమే. 1893లో కట్టిన రేవు వంతెన కిలోమీటరు పైన సముద్రంలోకి వెళ్ళేది, దాని మీద రైలు నడిచేది. సిరియా, లెబనాన్, జర్మనీల నుంచి వచ్చినవాళ్ళు ఈ దేశంలో మొదట కాలుపెట్టింది దాని మీదే. 1936లో నది నోరు బాగుచేసి ఓడలు నేరుగా బరాంకియాకే రావడం మొదలెట్టాక రేవు పడుకుంది. 2009లో కెరటాలకి కొంత భాగం కూలింది.

మిగతా ఎయిర్‌పోర్టుల పేర్లు ఎవరివి?

కార్తహేనాది రఫాయెల్ నూన్యెస్. ఈ ఊళ్ళో పుట్టి నాలుగుసార్లు అధ్యక్షుడైన మనిషి. అధికారమంతా బొగోటా చేతికి అప్పగించిన 1886 రాజ్యాంగం ఆయన హయాంలోదే, 1991 దాకా నడిచింది. "అన్నీ బొగోటావాళ్ళే తేలుస్తారు" అని తీరం జనం తిట్టుకుంటూ ఆయన పేరున్న గేటులోంచే విమానం ఎక్కుతారు.

సాంతా మార్తాది సీమోన్ బొలీవర్. అయిదు దేశాలకి విముక్తి తెచ్చిన నాయకుడు, చివరికి అధికారం వదులుకుని, ఒంట్లో బాగోక, 1830 డిసెంబర్ 17న ఈ ఊరి శివార్లలో ఒక స్పెయిన్‌వాడి చెరకు తోటలో కన్నుమూశాడు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, పెద్ద చింతచెట్లున్న తోట. తప్పక చూడండి.

రియోఆచాది అడ్మిరల్ పదియా. నల్లజాతి మూలాలున్న నావికుడు, ఈ ప్రాంతం బిడ్డ. 1823లో మారకైబో సరస్సు యుద్ధంలో స్పానిష్ నౌకాదళాన్ని చిత్తు చేశాడు. అయిదేళ్ళ తర్వాత బొలీవర్ మీద హత్యాయత్నం జరిగిన రాత్రి పదియా జైల్లో ఉన్నాడు. అయినా కుట్రలో చేయి ఉందని 1828 అక్టోబర్‌లో మరణశిక్ష వేశారు. అదే కేసులో శిక్ష పడ్డ సాంతాందేర్ అనే తెల్లజాతి నాయకుణ్ణి మాత్రం దేశం దాటించి వదిలేశారు. బొలీవర్‌కి ఒక ఎయిర్‌పోర్టు, ఆయన ప్రభుత్వం చంపించిన మనిషికి ఇంకో ఎయిర్‌పోర్టు. రెంటి మధ్య బస్సులో మూడు గంటలు.

కిటికీ సీటు ఎటువైపు తీసుకోవాలి?

రన్‌వే ఎటునుంచి వాడతారో గాలిని బట్టి ఉంటుంది కాబట్టి కచ్చితంగా చెప్పలేం. సాంతా మార్తా అయితే ఎటు కూర్చున్నా నష్టం లేదు. రన్‌వే పొట్టిది, సముద్రానికి అతుక్కుని ఉంటుంది. నీళ్ళలోనే దిగుతున్నామా అనిపించి గుండె జారుతుంది, కంగారు పడకండి. పొద్దున్నే వెళ్ళే విమానంలో మబ్బు లేకపోతే సియెర్రా నెవాదా కొండల మీద మంచు కనిపిస్తుంది. 5,700 మీటర్ల పైన ఉండే ఆ శిఖరాలకీ కరీబియన్ సముద్రానికీ మధ్య దూరం 42 కిలోమీటర్లే. కొగి, అరువాకో, వివా, కన్‌క్వామో తెగలవాళ్ళకి అవి పవిత్రమైన కొండలు.

ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

డిసెంబర్ నుంచి మార్చి దాకా. వానలుండవు, ఈశాన్యం నుంచి గట్టి గాలి వీస్తుంటుంది. ఆ గాలే లేకపోతే ఎండకి తట్టుకోలేం. అక్టోబర్‌లో వానలెక్కువ. బరాంకియాలో గట్టి వాన పడితే కొన్ని వీధులు వాగులైపోతాయి, కార్లు కొట్టుకుపోయిన సందర్భాలున్నాయి. తుపాన్ల దారి మామూలుగా ఈ తీరానికి ఉత్తరంగా పోతుంది. అయినా 2020 నవంబర్‌లో ఐయోటా తుపాను ప్రభావానికి కార్తహేనా మునిగింది.

బరాంకియా కార్నివాల్ క్రైస్తవుల బూడిద బుధవారానికి ముందు నాలుగు రోజులు. ఆ వారం టికెట్ల ధరలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. వెళ్ళేవాళ్ళు నెలల ముందే కొనుక్కోవాలి.

కార్తహేనా కోట బాగుంది సరే, ఆ గోడలు ఎవరు కట్టారు?

డబ్బు స్పెయిన్ రాజుది, చెమట ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళది. 1533లో పెద్రో దె ఎరేదియా ఈ ఊరు పెట్టాడు. పెరూ వెండి, ఇతర సంపద స్పెయిన్‌కి పోయే దారిలో ఇదొక ముఖ్యమైన మజిలీ, అందుకే దోపిడీదారుల కన్ను పడింది. 1586లో ఫ్రాన్సిస్ డ్రేక్ పట్టుకుని, డబ్బు గుంజుకుని గానీ వదల్లేదు. ఆ దెబ్బ తర్వాతే గోడలు పెద్దయెత్తున లేచాయి. దక్షిణ అమెరికాకి బానిసల్ని దించిన అతి పెద్ద రేవుల్లో ఇదొకటి. గడియారం స్తంభం వెనక, మీరు ఫొటోలు దిగే చౌకులోనే వాళ్ళని అమ్మేవారు.

రంగురంగుల గౌన్లతో, తల మీద పళ్ళ బుట్టతో కనిపించే ఆడవాళ్ళు పాలెంకే అనే ఊరి నుంచి వస్తారు. 1600ల మొదట్లో బెంకోస్ బియోహో నాయకత్వంలో పారిపోయిన బానిసల వారసులు వాళ్ళు. 1621లో అతన్ని కార్తహేనాలో ఉరితీశారు, అతని జనం మాత్రం లొంగలేదు. స్పానిష్, ఆఫ్రికా భాషలు కలిసిన సొంత భాష ఇప్పటికీ మాట్లాడతారు. వాళ్ళని ఫొటో తీస్తే డబ్బడుగుతారు, ఎంతో ముందే మాట్లాడుకోండి. బేరం మరీ గీచి ఆడొద్దు.

శాకాహారులం, ఏం తినాలి?

కొబ్బరన్నం, అరటికాయ చితక్కొట్టి వేయించిన పతకోన్, కంద జాతి దుంపతో జున్నుముక్కలు వేసి కాచే మోతె దె కేసో పులుసు. చివరిదాన్ని మాంసం రసం లేకుండా చేశారా అని అడిగి తినండి. వీధి మూల బండి దగ్గర ఆగితే, పచ్చి మామిడికాయని చేతి మిషను మీద తిప్పి నూలుపోగుల్లా తీసి, ప్లాస్టిక్ గ్లాసులో నింపి, నిమ్మకాయ పిండి, ఉప్పు, మిరియాలపొడి జల్లి ఇస్తాడు. కారం సీసా బ్యాగులో ఉంటే బయటికి తియ్యాల్సిన సమయం అదే. గడియారం స్తంభం ఎదుటి మిఠాయి అంగళ్ళలో చింతపండు, పంచదార ఉండలు దొరుకుతాయి.

తెలుగువాళ్ళకీ ఈ తీరానికీ ఏమైనా సంబంధం ఉందా?

మనుషులతో పెద్దగా లేదు. మద్రాసు రేవు నుంచి కూలీలుగా వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు గానీ, ఆ ఓడలు వెళ్ళింది గయానాకి, ట్రినిడాడ్‌కి, గ్వాదెలూప్ వంటి దీవులకి. పశువులతో మాత్రం ఉంది. బరాంకియా, కార్తహేనా రోడ్డుకి అటూ ఇటూ మేసే మూపురం ఉన్న తెల్ల ఆవులు బ్రాహ్మన్ జాతివి. అమెరికాలో ఆ జాతిని తయారుచేసినప్పుడు కలిపిన భారత జాతుల్లో మన ఒంగోలు రక్తం కూడా ఉంది. బ్రెజిల్‌లో అదే ఒంగోలు జాతిని నెల్లూరు పేరుతో 'నెలోరె' అని పిలుస్తారు.

చౌక విమానాలు ఎక్కొచ్చా? టాక్సీలు, డబ్బులు?

ఎక్కొచ్చు. కాకపోతే బేస్ ధర చూసి మురిసిపోకండి. సీటు కింద పట్టే సంచీ తప్ప మిగతా ప్రతిదానికీ డబ్బే, బోర్డింగ్ పాస్ ఎయిర్‌పోర్టులో ప్రింట్ అడిగినా కొన్ని సంస్థలు వసూలు చేస్తాయి. చెక్-ఇన్ ఇంటి దగ్గరే చేసుకుని ఫోన్లో దింపుకోండి. కార్తహేనా టాక్సీలకి మీటరుండదు. ఎయిర్‌పోర్టులో అధికారిక టాక్సీ కౌంటర్ దగ్గర ధర రాసిన చీటీ ఇస్తారు, దాని ప్రకారమే ఇవ్వండి. ఊళ్ళో ఎక్కేటప్పుడు మాత్రం తలుపు తియ్యకముందే ధర తేల్చుకోవాలి. కరెంటు 110 వోల్టులు, ప్లగ్గులు అమెరికావే. ఇండియా టైము ఇక్కడికన్నా పదిన్నర గంటలు ముందుంటుంది, కాబట్టి ఇంటికి ఫోన్ చెయ్యాలంటే ఇక్కడ పొద్దున్న టిఫిన్ వేళ చెయ్యండి.

వారం రోజులే ఉంది. ఏది వదిలెయ్యమంటారు?

రియోఆచా, ఆ పైనున్న గ్వాహీరా ఎడారి వదిలెయ్యండి, వాటికి విడిగా రావాలి. వెళ్ళి రావడానికి కనీసం నాలుగు రోజులు నడవాల్సిన సియుదాద్ పెర్దీదా అనే పాత నగరపు శిథిలాలు కూడా ఈసారికి కుదరవు. కార్తహేనా మూడు రాత్రులు, బరాంకియా ఒకటి, సాంతా మార్తా మూడు. తిరుగు టికెట్ సాంతా మార్తా నుంచి బొగోటా మీదుగా కొనుక్కుంటే, రెండు విమానాల మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకోండి. బొగోటాలో ఇమిగ్రేషన్ లైను పొడుగ్గా ఉంటుంది.